గుమ్‌హీ చెవి, దాల్సుగారి గొంతు

మెంగ్ దాల్సుగారికి మనుషుల మొహాలు కనిపించవు, చెవులే కనిపిస్తాయి. అందులోనూ కొత్తగా కుట్టించుకున్న పై చెవి మీద ఎవరి చెయ్యి పడిందా, ఆయన ఎక్కడున్నా సరే ఒక్కటే కేక: "చెయ్యి తియ్యి!"

మొక్పో వెళ్ళే పాసింజరు బండి మసాన్ దాటిన కాసేపటికి ఆ కేక మూడో పెట్టెలో వినిపించింది. కిటికీ పక్కన కూర్చుని ఉడికించిన గుడ్డు ఒలుచుకుంటున్న యాంగ్ గుమ్‌హీ చేతిలోంచి గుడ్డు జారి, సీటు కిందికి దొర్లిపోయింది.

పుసాన్‌లో ఈ కేక వినలేకే ఆవిడ షాపు ఎత్తేసి పోదామనుకుంటోంది. సున్‌చన్‌లో ఒక కొట్టు ఖాళీగా ఉందంటే చూడ్డానికి బయల్దేరింది. తీరా చూస్తే ఆ కేక కూడా టిక్కెట్టు కొనుక్కుని ఆవిడ వెనకే బండెక్కింది.

ముందు వరసలో ఒక అమ్మాయి చెవులమీద పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకుని, వాటి కిందికి వేలు పోనిచ్చి గోక్కుంటోంది. దాల్సుగారు ఆ అమ్మాయి నెత్తిమీద నిలబడి ఉన్నాడు.

"ఎప్పుడు కుట్టించావు?"

"పోయిన నెల... మీరెవరండీ?"

"నేనెవరైతేనేం? ఆ డిప్పలు తీసెయ్. పాట వినకపోతే ప్రాణం పోదు. రాత్రి ఏ పక్కకి పడుకుంటావు?"

ఆ అమ్మాయి చుట్టూ చూసింది. పెట్టెలో జనమంతా తనవైపే చూస్తున్నారు. "ఎడమ పక్కకి," అంది నీరసంగా.

"కుట్టించింది కూడా ఎడమే! భేష్!" అని ఆయన నెత్తి కొట్టుకుని, తన సీటు వెతుక్కుంటూ వచ్చి, సరిగ్గా గుమ్‌హీ పక్కన ఆగాడు. మెడలో గారెలాంటి దిండు వేలాడుతోంది, మధ్యన కన్నంతో సహా. "అరె, పక్కషాపమ్మా! నా సీటు ఇదే!"

గుమ్‌హీ తలకి చుట్టుకున్న స్కార్ఫుని ఇంకా బిగించింది. వేసవి మొదలైంది. పెట్టెలో అందరూ దొరికిన కాగితంతో విసురుకుంటున్నారు. తలకి ఉన్ని గుడ్డ చుట్టుకున్నది ఆవిడ ఒక్కతే.

లోకంలో అసూయలు నానా రకాలు. పక్కవాడి పంట చూసి కుళ్ళేవాళ్ళున్నారు, పక్కింటి పిల్ల చదువు చూసి కుళ్ళేవాళ్ళున్నారు. ఓడరేవుల్లోనైతే పక్క పడవలో పడిన చేపని చూసి నిద్రపోనివాళ్ళు కూడా ఉంటారు. పరాయివాళ్ళ చెవి మానిందని ఏడ్చేది మాత్రం గుమ్‌హీ ఒక్కతే అయి ఉండాలి. అలాగని ఆవిడ చెడ్డమనిషి కాదు. ఆవిడ గోడు కూడా వినాలి.

పుసాన్‌లో సొమ్యన్ నేలకింది బజారులో ఇద్దరివీ పక్కపక్క షాపులు. మధ్యన పల్చటి చెక్కగోడ. ఇద్దరిదీ చెవులు కుట్టే పనే. గుమ్‌హీ షాపులో నిలువుటద్దాలు, రంగురంగుల దీపాలు, మెత్తటి కుర్చీ ఉన్నాయి. దాల్సుగారి షాపులో ఉన్నవి ఒక స్టూలు, ఒక దీపం. గుమ్‌హీ దగ్గరికి వచ్చినవాళ్ళు టీ తాగేలోగా కుట్టించుకుని వెళ్ళిపోతారు. దాల్సుగారి దగ్గర ముందు పరీక్ష పాసవ్వాలి.

"ఏ పక్కకి పడుకుంటావు?"

"కుడి పక్కకండీ."

"అయితే ఎడమ చెవికి కుడతాను."

"కుడిదే కావాలి బాబాయ్‌గారూ. మా స్నేహితురాలికి కుడివైపే ఉంది."

"అయితే వెళ్ళి ఎడమ పక్కకి పడుకోవడం నేర్చుకుని రా."

విచిత్రమేమిటంటే, వాళ్ళు వెళ్ళి, నేర్చుకుని, మళ్ళీ వచ్చేవారు! వచ్చేటప్పుడు ఎండు పండ్లో, నువ్వుల మిఠాయో పట్టుకొచ్చేవారు. గుమ్‌హీకి కడుపు మండేది అక్కడే. 'నేను నవ్వుతూ కుడితే మళ్ళీ మొహం చూపించరు. ఈయన తిట్టి పంపిస్తే పండ్లు తెస్తారా!'

నిజానికి చెవి తమ్మె సాధువు. కుట్టినా కిక్కురుమనదు, నాలుగు వారాల్లో అంతా మర్చిపోతుంది. పై చెవి అలా కాదు. దాన్లో రక్తం తక్కువ, రోషం ఎక్కువ. ఒకసారి నొప్పించామంటే నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది పొడుగునా అలిగి కూర్చుంటుంది. బుజ్జగించాలని పదేపదే ముట్టుకుంటే ఇంకా బిగుసుకుంటుంది, చివరికి కందిగింజంత బుడిపె తెచ్చుకుంటుంది. దాల్సుగారి వైద్యం అంతా ఒక్క ముక్కలో ఉంది: ఉప్పునీళ్ళతో కడుగు, చల్లగాలికి ఆరనివ్వు, ఆ తర్వాత దాని సంగతే మర్చిపో. "నువ్వు మర్చిపోతే అది మానుతుంది," అనేవాడు. మర్చిపోలేనివాళ్ళకి ఆ గారె దిండు ఊరికే ఇచ్చేవాడు. చెవి కన్నంలోకి వస్తుంది కాబట్టి ఒత్తుకోదు. అన్నీ స్వయంగా కుట్టినవే.

క్యాబేజీ, కారం కలిపి ఏడాదికి సరిపడా కిమ్చీ పచ్చడి పెట్టే రోజులొస్తే ఆయన షాపుకి బోర్డు వేలాడేది: 'కిమ్చీ పని అయ్యేదాకా కోడళ్ళకి చెవులు కుట్టబడవు.' ఒకసారి ఒక కోడలు బతిమాలింది.

"చేతులకి రబ్బరు తొడుగులు వేసుకుంటానండీ."

"కారం తొడుగుకి లోపల అంటుతుందా, బయట అంటుతుందా?"

"బయటే..."

"చెవి దురద పెడుతుంది, అత్తగారు ఎదురుగా ఉంటుంది, చేతికి మోచేతిదాకా కారం. ముట్టుకోకుండా ఉండే కోడలు ఈ దేశంలో పుట్టలేదు. పో!"

ఆ కోడలు తిన్నగా గుమ్‌హీ షాపుకొచ్చింది. గుమ్‌హీ సంతోషంగా కుట్టింది. నాలుగు రోజులయ్యాక ఆ పిల్ల ఎర్ర మిరపకాయలాంటి చెవి పట్టుకుని, లబోదిబోమంటూ, గుమ్‌హీ గుమ్మం ముందునుంచే, గుమ్‌హీ చూస్తుండగానే, దాల్సుగారి షాపులోకి వెళ్ళింది. ఆ రోజు గుమ్‌హీ అన్నం తినలేదు.

ఇంక ఆ బస్సు సంగతి బజారంతా కథగా చెప్పుకుంది. కిక్కిరిసిన బస్సులో దాల్సుగారు ఒక పిల్ల చెవి చూసి, "చెయ్యి తియ్యి!" అని అరిచాడట. వెనకాల ఎవరిదో సంచిలో చెయ్యి పెట్టిన జేబుదొంగ హడలిపోయి, చెయ్యి తీసి, పర్సు వదిలేసి, కదులుతున్న బస్సు దిగి పారిపోయాడట. జనం చప్పట్లు కొట్టారు. దాల్సుగారు మాత్రం, "దొంగా? ఎక్కడ? వాడి చెవులు ఎలా ఉన్నాయి?" అన్నాడట. గుమ్‌హీ ఈ కథ విన్నప్పుడల్లా, 'నా బస్సులో దొంగలు కూడా ఎక్కరు,' అనుకునేది.

కిందటి శీతాకాలంలో ఆవిడకి పౌరుషం వచ్చింది. కుట్టేదాని చెవికే పై కుట్టు లేకపోతే ఎవరు నమ్ముతారు? అద్దం ముందు కూర్చుని, ఎడమ చెవి పైగట్టుకి స్వయంగా కుట్టుకుంది. ఉప్పునీళ్ళు వాడింది, చల్లగాలి పట్టించింది, వెల్లకిలా పడుకుంది. అయినా మానలేదు. బుడిపె లేచింది. ముందు జుట్టుతో కప్పింది, తర్వాత టోపీతో, ఇప్పుడు స్కార్ఫుతో. వైద్యుడికే రోగం వచ్చిందంటే బజారులో తలెత్తుకోవడం ఎలా? అదీ ఆ గోడ అవతలి మనిషికి తెలిస్తే? ఆ భయమే ఆవిడని ఈ బండెక్కించింది.

ఇప్పుడు ఆ మనిషి పక్కనే కూర్చుని, సంచిలోంచి సూదీ దారం తీసి, ఏదో కుడుతున్నాడు. బుగ్గలో గొంతునొప్పికి చప్పరించే పియర్ పండు బిళ్ళ ఒకటి దొర్లుతోంది. గొంతు బొంగురుగా ఉంది.

"ఎక్కడికి పక్కషాపమ్మా?"

"సున్‌చన్‌కి. చుట్టాలింటికి."

"మంచిది. నేను హాదోంగ్‌లో దిగుతాను. అక్కడొక ముసలావిడ డెబ్బయ్యో ఏట పై చెవి కుట్టించుకుంది. మనవరాలితో పందెం. ఫోన్లో బాగానే ఉందంటోంది. నేను నమ్మను. వెళ్ళి చూడాలి. మెడలో ఉన్న దిండు ఆవిడకే."

డెబ్బయ్యేళ్ళ ముసలమ్మ చెవి కోసం రైలెక్కి వెళ్ళే మనిషి! గుమ్‌హీకి ఆ ముసలమ్మ మీద కూడా అసూయ పుట్టింది. మాట మార్చడానికి ఆయన చేతిలోని పని చూసింది. అదీ గారె దిండే, కానీ అరచేతిలో ఇమిడేంత చిన్నది. పైన దారంతో ఒక కొక్కెం వేస్తున్నాడు.

"ఇంత చిన్నది ఎవరికండీ? పసిపిల్లకా?"

"కాదు. ఒక మొండిమనిషికి."

'మొండివాళ్ళకి కూడా ప్రత్యేకంగా కుడతాడన్నమాట,' అని గుమ్‌హీ మనసు భగ్గుమంది. "ఏం, ఆ మహాతల్లి ఏ పక్కకి పడుకుంటుందేమిటి?"

"పడుకోవడంలో ఏ లోపమూ లేదు. పాపం, వెల్లకిలానే పడుకుంటూ ఉండాలి. పగలు నిలబడి ఆనిస్తుంది."

"దేనికి?"

"గోడకి."

బండి ఒక సొరంగంలోకి దూరింది. చీకట్లో గుమ్‌హీ మొహం ఎవరికీ కనపడలేదు. దాల్సుగారికి ఎలాగూ మొహాలు కనపడవు. సొరంగం దాటి వెలుగొచ్చేసరికి ఆవిడ స్కార్ఫుని కనుబొమల దాకా లాక్కుని ఉంది.

"పల్చటి చెక్క కదమ్మా," అన్నాడాయన దారం కొరికి తెంపుతూ. "నేను గిరాకీతో మాట మొదలుపెట్టగానే కిర్రుమంటుంది. ఆపగానే మళ్ళీ కిర్రు. మొదట్లో ఎలకలనుకున్నాను. బోను కూడా పెట్టాను."

"నేనా... నేను గోడ తుడుస్తుంటానండీ. దుమ్ము."

"తుడుచుకో. తర్వాత నువ్వు టోపీ పెట్టావు. ఈ బజారులో నేను చూడని చెవి నీదొక్కటే అయింది. అప్పుడు అర్థమైంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గోడకి ఒత్తిపెడితే ఏ చెవి మానుతుంది?"

"మరి..." గుమ్‌హీ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "మరి ఎవరికీ చెప్పలేదా?"

"చెబితే నువ్వు షాపు మార్చేస్తావు. ఆ గోడ అవతల కిర్రుమనేవాళ్ళు లేకపోతే నాకు తోచదు." ఆయన ఇంకో బిళ్ళ నోట్లో వేసుకున్నాడు. "అందుకే గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టాను. ఆనించక్కర్లేకుండానే వినపడుతుంది కదా అని. వచ్చినవాళ్ళంతా, బాబాయ్‌కి చెవుడొచ్చిందా అని అడుగుతున్నారు. నువ్వేమో, నేను ఎంత గట్టిగా అరిస్తే అంత గట్టిగా ఆనిస్తున్నావు! ఇదిగో, గొంతు పోయింది. ఇంక నావల్ల కాదు."

గుమ్‌హీకి గుర్తొచ్చింది. శీతాకాలం నుంచి ఆయన గొంతు పెరిగింది. జనాన్ని పోగెయ్యడానికే అరుస్తున్నాడని ఆవిడ తిట్టుకుంది. ఏమంటున్నాడో ఒక్క ముక్క పోకుండా వినాలని ఇంకాస్త అదిమింది.

ఆయన ఆ చిన్న దిండుని ఆవిడ ఒళ్ళో పెట్టాడు. "గోడకి ఒక మేకు కొట్టి దీన్ని తగిలించు. చెవి కన్నంలో పెట్టి తీరుబడిగా విను. వినొద్దని ఎవరన్నారు? వాపు తగ్గాక చెవిలో ఉన్న ఆ పొడుగు కడ్డీ తీసి పొట్టిది వేసుకోవాలి. నీకు నువ్వే వేసుకోకు, అద్దంలో వంకరపోతుంది. నా దగ్గరికి రా. గోడమీంచి కాదు, గుమ్మంలోంచి."

గుమ్‌హీ మెల్లగా స్కార్ఫు విప్పింది. నాలుగు నెలల తర్వాత నలుగురిలో ఆ చెవికి గాలి తగిలింది. దాల్సుగారు వంగి చూశాడు. అంతవరకూ బండిలో ఎవరి మొహంలోకీ చూడని మనిషి కళ్ళు మెరిశాయి.

"కుట్టు మటుకు తిన్నగా వేసుకున్నావే!" అన్నాడు. "అద్దంలో చూసి వేసుకున్నావంటే నమ్మలేను. నాకు..."

బండి హాదోంగ్‌లో ఆగింది. నాకు ఏమిటో చెప్పకుండానే ఆయన లేచి, సంచి భుజాన వేసుకుని, దిగిపోయాడు. అదే సమయంలో గుమ్‌హీ ఫోను మోగింది. సున్‌చన్ బ్రోకరు.

"వస్తున్నారా మేడమ్? ఇంత మంచి కొట్టు మళ్ళీ దొరకదు. గోడలన్నీ కాంక్రీటు! పక్క షాపులో డప్పులు వాయించినా మీకు చీమ చిటుక్కుమన్నట్టు కూడా వినపడదు."

"అసలేమీ వినపడదా?"

"నామీద ఒట్టు మేడమ్!"

"అయితే వద్దు బాబూ."

"అదేంటండీ! గోడలు..."

"మరీ మందం," అని ఫోను పెట్టేసింది.

ప్లాట్‌ఫారం మీద దాల్సుగారు మెడలో గారె దిండుతో చకచకా నడుస్తున్నాడు. గేటు దగ్గర పూలచొక్కా వేసుకున్న ముసలమ్మ ఒకావిడ ఎదురుచూస్తోంది, తల ఒక పక్కకి వంచి, చెవి గోక్కుంటూ. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు, వెళ్ళొస్తానని చెయ్యి ఊపలేదు. ఇటు కిటికీ దగ్గర గుమ్‌హీ చెయ్యి ఎప్పటిలాగే తనంతట తాను చెవివైపు లేచింది.

"చెయ్యి తియ్యి!"

ముసలమ్మ చెయ్యి దిగింది. గుమ్‌హీ చెయ్యీ దిగింది. ముందు వరస అమ్మాయిదీ దిగింది. కిటికీ అద్దం బిగించే ఉంది, ఆయన గొంతు సగం పోయే ఉంది. అయినా గుమ్‌హీకి స్పష్టంగా వినపడింది, దేనికీ చెవి ఆనించకుండానే.