ఇంటికి పోయిన తెల్లారి

హెలికాప్టర్ మమ్మల్ని దించి, రెక్కలు ఆపకుండానే వెళ్లిపోయింది. ఎనభయ్యవ దశకం చివరి ఏళ్లు. నవంబర్. పదహారు వేల అడుగుల ఎత్తున సైన్యం పోస్టు. మధ్యాహ్నం రెండింటికే ఎండ కొండ వెనక్కి పోయింది. మా ఊరు కేతేపల్లిలో నాకు తెలిసిన చలి నెగడు ముందు కూర్చుంటే పోయేది. ఇక్కడ ఊపిరి మీసాల మీద గడ్డకట్టేది.

బంకర్‌లో ఆరుగురం. ఒక కిరోసిన్ స్టవ్. రేడియో ఆపరేటర్‌ది మహబూబ్‌నగర్, పేరు ఖాజా. నాకంటే పెద్దవాడు. నా యాస వినగానే, "ఏ ఊరు తమ్మీ?" అన్నాడు. ఆ పూట నుంచే నాకు ఖాజన్న అయ్యాడు.

ఫిబ్రవరిలో మంచు తుఫానుకు పక్క పోస్టు టెలిఫోన్ తీగ తెగింది. కలపమని ఆర్డర్. మేమిద్దరం వెళ్లాం. ముడి వేయడానికి కుడిచేతి తొడుగు తీశాను. గాలి దాన్ని లాక్కుపోయింది. బంకర్ చేరేసరికి వేళ్లు తెల్లబడి చెక్కల్లా ఉన్నాయి. ఖాజన్న తన కోటు విప్పి నా చేతిని చంకలో పెట్టుకున్నాడు.

వాతావరణం తెరిపివ్వక హెలికాప్టర్ మూడో రోజుకు గానీ రాలేదు. రేడియోలో "ఎదురుచూడండి" అని మాత్రమే వచ్చేది. ఖాజన్న నాకు వేరేగా చెప్పేవాడు.

"వస్తాందట తమ్మీ. ఫికర్ చెయ్యకు. నేనున్న గద."

మూడు వేళ్లు తీసేశారు. బొటనవేలు, చూపుడువేలు మిగిలాయి. సైన్యంలో ఇక పనికిరానని చెప్పి, గాయం మానేదాకా సికింద్రాబాద్‌లోని మిలిటరీ దవాఖానకు పంపారు. నా భార్య సత్తెమ్మ వస్తానంటే వద్దని కబురు చేశాను. వార్డులో అందరూ తిన్నాక, గోడవైపు తిరిగి ఎడమచేత్తో తినేవాణ్ని.

అక్కడ మనసు సంగతి చూసే డాక్టరమ్మ ఒకరుండేవారు. మేజర్. విజయవాడ వైపు మనిషి. ప్రతి గురువారం ఆమె దగ్గరికి పొమ్మన్నారు. ఆర్డర్ కాబట్టి వెళ్లాను. మొదటిసారి నోరు విప్పలేదు. ఆమె ఇద్దరికీ టీ తెప్పించి, తన టీ తాగుతూ కూర్చుంది.

ఆ వారమే ఖాజన్న సెలవు మీద ఊరికి పోతూ నన్ను చూడవచ్చాడు. డాక్టరమ్మ ముందు నోరు విప్పలేదని విని, "మాట్లాడు తమ్మీ," అన్నాడు. "పోయినసారి కిందికి దిగినంక నేను గూడ మాట్లాడిన. నిద్ర పట్టకపోతుండె. సిగ్గేమున్నది గండ్ల?"

మరుసటి గురువారం ఆమె అడిగింది.

"ఇంటికి వెళ్లిన మర్నాడు పొద్దున్నే ఏం చేస్తారు?"

పోస్టులో ఏ గంటకు ఏం చేయాలో ఎవరో ఒకరు చెప్పేవారు. "తెల్వదు మేడమ్," అన్నాను. ఏడుపొచ్చింది. ఆమె ఆపమనలేదు.

"తెలియదన్నారు కదా. అక్కడి నుంచే మొదలుపెడదాం."

వారాల తరబడి మాట్లాడుకున్నాం. చొక్కా గుండీల గురించి. పొలంలో ఏ పని రెండు వేళ్లతో అవుతుంది, ఏది కాదు. జాలిపడే వాళ్లకు ఏం జవాబివ్వాలి. చివరికి ఒకరోజు, "మిరపనారుకు నీళ్లు పోస్త మేడమ్, పొద్దున్నే," అన్నాను. ఆమె నవ్వి, ఇక సత్తెమ్మను పిలిపిద్దామా అంది.

సత్తెమ్మ పాపను చంకనేసుకుని బస్సులో వచ్చింది. నా చేతిని చూసింది. తర్వాత, నేను అక్కడ లేనట్టే, డాక్టరమ్మతో అంది.

"వేళ్లు పోతే పోయినయ్ మేడమ్. గీయన నాతోని మాట్లాడకుంటె నేనెట్ల బతకాలె?"

"మాట్లాడుత," అన్నాను.

"అన్నం కలిపి పెట్టకండి," డాక్టరమ్మ ఆమెకు చెప్పింది. "బరువు మోస్తుంటే లాక్కోకండి. ఊరికే చూస్తూ ఉండటం మీకే కష్టం."

సత్తెమ్మ పాపను రెండో చంకకు మార్చుకుంది. "కష్టమే. అయినా ఉంట."

జూన్‌లో ఇంటికి పంపించారు. చిట్యాలలో బస్సు ఆగితే సత్తెమ్మ టీ తెచ్చి నా కుడిచేతికే ఇచ్చింది. కొంత ఒలికింది. ఆమె కిటికీలోంచి బయటికి చూసింది.

కేతేపల్లిలో దిగేసరికి సాయంత్రమైంది. తొలకరి పడి దారంతా బురద. బాపు, తమ్ముడు మల్లేశం రోడ్డు మీదే నిలబడి ఉన్నారు. మల్లేశం నా ఇనుప పెట్టె మీద చెయ్యి వేశాడు.

"ఇడిసిపెట్టు మల్లేశూ. ఆయన తెస్తడు," అంది సత్తెమ్మ.

"బరువుంటది బిడ్డా," అన్నాడు బాపు.

"తెస్తడు మామా."

పెట్టె భుజానికెత్తుకున్నాను. రెండుసార్లు జారింది. దించి, చెయ్యి మార్చి, మళ్లీ ఎత్తుకున్నాను.

మంచు, బంకర్, తెల్లబడ్డ వేళ్లు ఇప్పుడు అంతగా గుర్తుకు రావు. ఆ దారిలో సత్తెమ్మ వీపు మాత్రం నిన్న చూసినట్టుంది. కొంగు బిగించి, పాపను ఎత్తుకుని ముందు నడుస్తోంది. నేను ఆగితే ఆగింది. నా బూట్ల చప్పుడు మళ్లీ వినిపించాకే అడుగు వేసింది. ఇల్లు చేరేదాకా ఒక్కసారీ వెనక్కి తిరగలేదు.