నాయన వైపు నుంచి వచ్చిన జబ్బు

నాకు రాయచోటిలో చిన్న టైలరింగ్ షాపు ఉంది. ఒకరోజు పొద్దున లంగా నాడా ముడి పడలేదు. తిండేమో రెండు ముద్దలకే చాలనిపిస్తోంది, పొట్ట మాత్రం ఉబ్బుతోంది. ఏదో తేడాగా ఉందని ఆ రోజే అనిపించింది.

దగ్గరున్న డాక్టరు పొట్ట మీద చెయ్యి కూడా వేసి చూడలేదు. "గ్యాసమ్మా. కారం తగ్గించు" అన్నాడు. నెలలు గడిచాయి. మళ్లీ వెళ్లినా అవే మాత్రలు. ఆయన మీద కోపం నాకింకా చల్లారలేదు. చివరికి కడపలో ఒక లేడీ డాక్టరు స్కాన్ చేయించింది. కడుపులో నీరు, ఓవరీ మీద గడ్డ. బయాప్సీ అయ్యాక కర్నూలులో తేల్చి చెప్పారు: ఓవేరియన్ క్యాన్సర్, స్టేజ్ త్రీ.

"మీ ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా క్యాన్సర్ వచ్చిందా?" అని అక్కడి డాక్టరమ్మ అడిగింది. నేను నోరు తెరిచేలోపే పక్కనున్న మా అన్న, "ఎవురికీ లేదు మేడం" అన్నాడు. నేనూ అదే నిజమనుకున్నాను.

కీమోలు, ఆపరేషన్, మళ్లీ కీమోలు. జుట్టు పోయింది. వేళ్లు తిమ్మిరెక్కి సూదిలో దారం ఎక్కించలేకపోయేదాన్ని. నన్ను చూడటానికి వచ్చిన మా చిన్న మేనత్త నా గుండు తడిమి ఏడ్చింది.

"మా పెద్దక్కకు రొమ్ములో ఇదే పుట్టె. నడిపక్కకు కడుపులో. మీ అన్నే గదమ్మా ఎవురికీ చెప్పకుండా వాళ్లను ఆసుపత్రికి తిప్పింది" అనింది.

నాకు ఒళ్లు మండిపోయింది. అన్నను నిలదీశాను.

"చెప్తే ఏమొస్తాది మే? ఇంట్లో పెండ్లి కావాల్సిన పాప ఉండాది. అయినా అది ఆడోళ్ల జబ్బు. నాయన వైపు నుంచి నీకెట్లొస్తాది?" అన్నాడు.

తర్వాతిసారి డాక్టరమ్మకు నేనే చెప్పాను. "ఇంట్లో ఎవరికీ లేకపోయినా ఈ క్యాన్సర్‌కు జీన్ టెస్టు చేయించాలమ్మా. మేమూ ఆలస్యం చేశాం" అని ఒప్పుకుంది. రక్తం పంపితే బీఆర్‌సీఏ-1 అనే జీన్‌లో మ్యుటేషన్, అంటే పుట్టుకతో వచ్చిన లోపం, ఉందని వచ్చింది. "ఇది వచ్చే అవకాశం తల్లి నుంచి ఎంతో తండ్రి నుంచీ అంతే. మగవాళ్లలోనూ ఉంటుంది" అంది.

ఒలాపరిబ్ మాత్రలు రాసింది. డీఎన్‌ఏ తెగితే అతికించుకోవడానికి కణానికి వేరు వేరు దారులు ఉంటాయట. నా క్యాన్సర్ కణాల్లో ఒక దారి ముందే చెడిపోయింది. ఈ మందు ఇంకో దారిని మూసేస్తుంది. తెగింది అతుక్కోక ఆ కణం చస్తుంది. మంచి కణాలకు మొదటి దారి ఉంటుంది కాబట్టి చాలావరకు తట్టుకుంటాయి. అయినా నాకు హిమోగ్లోబిన్ పడిపోయింది. మందు ఆపి, రక్తం ఎక్కించి, డోసు తగ్గించి మళ్లీ మొదలుపెట్టారు.

కాస్త ఓపిక రాగానే కడపలో అన్న ఇంటికి వెళ్లి, ఆయన కూతురు సునీతకు అంతా చెప్పేశాను. "నా బిడ్డ బతుకు నాశనం చేస్తాండావు!" అని అన్న అరిచాడు.

సునీత ఆయన వైపు తిరిగింది. "నా ఒంటి సంగతి నాకే చెప్పకుండా దాస్తావా నాయనా? అత్తకు ముందే తెలిసుంటే ఆ గ్యాస్ మాత్రలు మింగుతా కూర్చునేదా?"

సునీతకూ అదే మ్యుటేషన్ ఉందని తేలింది. జబ్బు లేదు. ఏటా రొమ్ములకు ఎంఆర్‌ఐ చేయించుకుంటోంది. అన్న మాత్రం టెస్టు చేయించుకోడు, నాతో మాట్లాడడు. మాట్లాడకపోతే మానె.

ఇప్పుడు రెండు పూటలా మాత్రలు వేసుకుంటున్నాను. వికారం, అలసట ఉన్నాయి. సగం రోజే షాపు తెరుస్తాను. స్కాన్‌లో ఏమీ కనిపించడం లేదు. నయమైందని డాక్టరమ్మ అనదు, "అదుపులో ఉంది" అంటుంది.

మీకు చెప్పేది ఒక్కటే. అమ్మ వైపు, నాయన వైపు ఎవరు ఏ జబ్బుతో పోయారో ఇంట్లో పెద్దవాళ్లను గుచ్చి గుచ్చి అడగండి. అది డాక్టరుకు మీ నోటితో మీరే చెప్పండి. మా మేనత్తల జబ్బు దాచి మా ఇంట్లో ఎవరి పరువు నిలబెట్టారో నాకు ఇప్పటికీ తెలియదు.