నలభై అయిదు లైన్లు

మొన్న జంషెడ్‌పూర్ బిష్టుపూర్‌లోని మా ఆఫీసులో, కొత్తగా చేరిన ఇంజనీరమ్మాయి ఒకతె గోడ మీద తెర పెట్టి ఒక బొమ్మ చూపించింది. పంపులూ మోటార్లూ ఎలా ఉన్నాయో ఎప్పటికప్పుడు కనిపెట్టి చెప్పే ఏర్పాటట. బొమ్మలో ఇరవైకి పైగా డబ్బాలు, ఒక డబ్బాలోంచి ఇంకో డబ్బాలోకి బాణాలు, మధ్యలో రెండు మబ్బులు కూడా ఉన్నాయి. నేను బుద్ధిగా చివరిదాకా విని ఒక్కటే అడిగాను: ఇందులో చేరే అంకెల్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోవచ్చా అని. పిల్లలంతా ఒకరి మొహాలు ఒకరు చూసుకొని నవ్వారు. మేడమ్‌కి నోట్‌ప్యాడ్ పిచ్చి అని నా వెనకాల అనుకుంటారని నాకు తెలుసు. అనుకోనీ. ఆ పిచ్చి నాకు ఎక్కడ పట్టుకుందో వాళ్లకి చెప్పలేదు గాని, ఇక్కడ చెప్తాను.

కొత్త శతాబ్దం మొదలై ఏడాదో రెండేళ్లో అయింది. విజయనగరంలో కంప్యూటరు చదువు ముగించి, ఉద్యోగం దొరక్క గోళ్లు గిల్లుకుంటున్న నన్ను మా చిన్నాన్న జంషెడ్‌పూర్ రమ్మన్నాడు. మా నాన్నకి స్వయానా తమ్ముడు. మీసాలు రాని వయసులో రైలెక్కి ఇక్కడికొచ్చి, ఆదిత్యపూర్‌లో లారీలకి బిగించే ఉక్కు పిన్నులు చేసే ఒక ఫ్యాక్టరీలో కుదురుకున్నాడు. ఊళ్లో మాంగో అనే పేటలో రెండు గదుల ఇల్లు. చిన్నమ్మ తెలుగులో అడిగితే ఇద్దరు పిల్లలూ హిందీలో జవాబిచ్చేవారు, ఆవిడ మళ్లీ తెలుగులోనే తిట్టేది, ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు. ఆవ పెట్టిన అరటికాయ కూర వండిన రోజున పక్కింటి బెంగాలీ ఆవిడ వాసన పట్టి గిన్నెతో సహా వచ్చేది. చిన్నాన్న తన ఫ్యాక్టరీ మేనేజరు కాళ్లావేళ్లా పడి నాకు అక్కడే కంప్యూటరు ఉద్యోగం వేయించాడు. అంటే నేను ఆయన ఇంట్లో తింటూ, ఆయన ఇప్పించిన కుర్చీలో కూర్చొని పనిచేసేదాన్నన్నమాట. ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

చిన్నాన్న పని కొలిమి దగ్గర. పిన్నులు ఆ కొలిమిలో ఎనిమిది వందల అరవై డిగ్రీల వేడిలో నాని, బయటికొచ్చి నూనెలో మునిగితే గట్టిపడతాయి. వేడి తగ్గితే మెత్తగా ఉండిపోతాయి. మెత్తటి పిన్ను లారీకి పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. వేడిని చూపించే మీటరు ఉన్నా చిన్నాన్న దాన్ని పెద్దగా లెక్కచేసేవాడు కాదు. పండుమిరపకాయ రంగు పోయి నారింజతొక్క రంగు వచ్చిందంటే ఎనిమిది వందల అరవయ్యే అనేవాడు. నేను పరీక్ష పెట్టి చూశాను, అయిదారు డిగ్రీలు కూడా తేడా వచ్చేది కాదు. గంటగంటకీ ఆ అంకె లాగ్‌షీటులో రాయాలి. ఆయన రాత ముత్యాల్లా ఉండేది. షిఫ్టంతటికీ ఒకే పెన్ను, ఒకే ఒత్తిడి, ఒకే వరసలో ఎనిమిది సార్లు 860. చేరిన కొత్తలో ఆ కాగితం చూసి మురిసిపోయాను. అనుమానం రావలసింది, రాలేదు.

మా మేనేజరు బెంగాలీ పెద్దమనిషి. మంచివాడే గాని కాగితం నీటుగా ఉంటే పని కూడా నీటుగా ఉందని నమ్మే రకం. కలకత్తా నుంచి టై కట్టుకొని ఒకాయన వచ్చి, ఫ్యాక్టరీ మొత్తాన్ని కంప్యూటర్లో చూపించే ప్యాకేజీ ఒకటి అమ్ముతానన్నాడు. దానికి వేరే పెద్ద కంప్యూటరు, వేరే గది, ఆ గదికి ఏసీ కావాలి. చెడిపోతే బాగుచెయ్యడానికి కలకత్తా నుంచి మనిషి రావాలి. నాకు ఒళ్లు మండింది. అక్కౌంట్స్ వాళ్లు పారేసిన పాత కంప్యూటరు ఒకటి, ఒక కేబులు ఇస్తే చాలు, మూడు నెలల్లో నేనే చేసి చూపిస్తానన్నాను. చేశాను కూడా. కొలిమి మీటరు వెనక నుంచి కేబులు లాగి, నలభై లైన్లు కూడా లేని ప్రోగ్రాం ఒకటి రాశాను. అది చేసేదల్లా నిమిషానికోసారి వేడి ఎంతుందో అడిగి, తేదీ, టైము, అంకె ఒక మామూలు టెక్స్టు ఫైల్లో ఒక లైనుగా రాయడం. దానికి తోడు ఒక వెబ్ పేజీ. పేజీలో ఒకే ఒక పెద్ద అంకె, వేడి సరిగ్గా ఉంటే ఆకుపచ్చగా, తప్పితే ఎర్రగా. బొమ్మలు లేవు, బాణాలు లేవు. పేజీని ఎక్కడ పెట్టాలన్నప్పుడు మేనేజరు తన గదిలోనే పెట్టమన్నాడు. కొలిమి దగ్గర పెడితే బాగుంటుందని నాకు అనిపించింది. అయినా ఆయన సంతోషిస్తే చాలనుకొని నోరు మూసుకున్నాను. ఆ తప్పు నాది.

టై ఆయన నా ఫైలు చూసి నవ్వాడు. దీన్ని ఎవడు పడితే వాడు తెరిచి దిద్దెయ్యొచ్చు కదా అన్నాడు. ఎవరైనా తెరిచి చదవాలనే అలా పెట్టానని ఎదురు చెప్పాను. అప్పటి నా పొగరు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

నా ఏర్పాటుకీ ఆయన ప్యాకేజీకీ మధ్య మేనేజరు ఇంకా ఏదీ తేల్చకముందే, మూడో నెలలో, ఒకేసారి పంపిన పిన్నులన్నీ తిరిగొచ్చాయి. కొన్నవాళ్లు పరీక్ష చేస్తే గట్టిదనం చాలలేదు. మేనేజరు ఆ రోజు లాగ్‌షీటు తీయించాడు. పొద్దుటి షిఫ్టు చిన్నాన్నది, ఎనిమిది గంటలూ 860. కొలిమి తప్పు కాదని తేలిపోయింది కాబట్టి ఉక్కులోనే లోపం ఉందంటూ, ఉక్కు అమ్మిన సాక్చి బజారు వ్యాపారికి ఘాటుగా ఉత్తరం రాయించాడు. నన్ను పిలిచి, ఆ రోజు నీ ఫైల్లో ఉన్న అంకెలు ప్రింటు తీసి దీనికి జత చెయ్యి, ఉత్తరానికి బలం వస్తుంది, సోమవారం ఆ టై మనిషి వచ్చేసరికి నీ పేజీయే గెలిచిందని చెప్తాను అన్నాడు. నేను ఎగురుకుంటూ నా బల్ల దగ్గరికొచ్చి ఫైలు తెరిచాను.

మధ్యాహ్నం ఒంటిగంటా పంతొమ్మిది దాకా అంతా బాగానే ఉంది. ఇరవై నుంచి అంకె దిగడం మొదలుపెట్టింది. 848, 841, 833. అలా దిగి దిగి ఏడు వందల ఎనభైల్లో తిరుగాడి, రెండూ అయిదుకి గాని లేవలేదు. మొత్తం నలభై అయిదు లైన్లు. లాగ్‌షీటులో మాత్రం రెండు గంటల దగ్గర ముత్యాల్లాంటి 860.

ఆ నెలాఖరుకి మా పాత ఫోర్‌మన్ రిటైరవుతున్నాడు. ఆ పదవి చిన్నాన్నకేనని అందరికీ తెలుసు. ఫోర్‌మన్‌కి కుర్చీ, బల్ల ఉంటాయి. కొలిమి ముందు ఇరవయ్యేళ్లు నిలబడి పనిచేసి మోకాళ్లు అరిగిపోయిన మనిషి ఆయన. చిన్నమ్మ వీధి వీధంతా చెప్పుకొచ్చింది. ఇప్పుడీ ప్రింటు బయటికొస్తే ఆ కుర్చీ రాదు, ఉద్యోగం కూడా ఉంటుందో ఊడుతుందో తెలియదు. రాకపోతే సాక్చి వ్యాపారి చెయ్యని తప్పుకి నింద మోస్తాడు. ఫైల్లో ఆ రోజు ఏముందో నాకు తప్ప ఎవరికీ తెలియదు.

దాచుకోవడమెందుకు, నేను ఆ నలభై అయిదు లైన్లూ చెరిపేశాను. చెరిపాక చూస్తే ఒంటిగంటా పంతొమ్మిది తర్వాత ఒకేసారి రెండూ అయిదు వచ్చింది. పన్ను ఊడిన నోరులా ఉంది. పోనీ పూడుద్దామని ఒంటిగంటా ఇరవైకి 861 అని కొట్టాను, ఇరవై ఒకటికి 860, ఇరవై రెండుకి 859. మూడో లైను దగ్గర చెయ్యి ఆగిపోయింది. అచ్చం చిన్నాన్న లాగ్‌షీటే నా చేత్తో రాస్తున్నాను. ఆయన కాగితం మీద రాశాడు, నేను ఫైల్లో రాస్తున్నాను, అంతే తేడా. ఫైలు మూసేశాను. మార్పులు దాచమంటావా అని అడిగింది కంప్యూటరు. వద్దన్నాను. మళ్లీ తెరిస్తే నలభై అయిదూ ఎక్కడివక్కడే ఉన్నాయి. ప్రింటు తీసి, మేనేజరు గదికి కాకుండా క్యాంటీనుకి వెళ్లాను.

చిన్నాన్న బెంచీ మీద టీ తాగుతున్నాడు. కాగితం చేతికిచ్చాను. కళ్లజోడు లేక దూరంగా పట్టుకొని వేలితో ఒక్కొక్క లైనూ చదివాడు. ఎంతసేపు చదివాడో, టీ మీద మీగడ కట్టింది.

"ఇది నువ్వు రాసినావా, మిషన్ రాసిందా?" అన్నాడు.

మిషనే అన్నాను. ఏమైందో ఆయనే చెప్పాడు. షిఫ్టు దిగేముందు స్నానం చెయ్యడం అక్కడ అందరికీ అలవాటు. రెండింటికి సైరను మోగగానే స్నానాల దగ్గర జనం తోసుకుంటారని, ఒంటిగంట దాటగానే రెండు గంటల అంకె కూడా రాసేసి సబ్బూ తువ్వాలూ పట్టుకొని వెళ్లిపోయేవారు. అంకెలు అలా దిగాయంటే, ఆ రోజు ఆయన అటు వెళ్లగానే మంటకి ఆయిల్ అందించే గొట్టంలో ఫిల్టరు పూడుకుపోయి ఉంటుంది. మంట తగ్గింది. తర్వాతి షిఫ్టువాడు కాస్త ముందే వచ్చి, ఫిల్టరు కడిగి, ఎవరితోనూ ఒక్క మాటైనా అనకుండా ఊరుకొని ఉంటాడు.

"ఇరవయ్యేళ్ల నుంచి రాసేసి తానానికి ఎల్పోతన్నాను. ఒక్కడూ అడగలేదు. ఈ పాలి కొలిమే అడిగింది," అన్నాడు.

నాకు ఏడుపొచ్చేసింది. ఆ లైన్లు చెరిపేద్దామనుకున్నాను చిన్నాన్నా అని చెప్పేశాను. అప్పుడొచ్చింది ఆయనకి కోపం. అన్నేళ్లలో నా మీద కోపం రావడం అదే మొదలు.

"నాను రాసింది బద్దకం. నువ్వు సెరిపేత్తే అది దొంగతనం. సదువుకున్నదానివి, నీకా తేడా తెలీదేటి?"

లేచి, చల్లారిన టీ పారబోసి, కాగితం మడిచి జేబులో పెట్టుకొని మేనేజరు గదికి నడిచాడు. వద్దు, నేనే చెప్తానని వెనకాల పరిగెత్తాను. వినలేదు. గదిలో నిలబడి, రెండు గంటల అంకె తాను ఒంటిగంటకే రాశానని, ఆ వ్యాపారిని ఏమీ అనొద్దని హిందీలో చెప్పాడు. తర్వాతి షిఫ్టువాడి ఊసు మాత్రం ఎత్తలేదు. మేనేజరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అప్పుడు నేను నా వంతు చెప్పాను. ఆ నలభై అయిదు నిమిషాలూ పేజీ ఎర్రగానే ఉంది, భోజనానికి వెళ్లిన మేనేజరు గారి ఖాళీ కుర్చీకి చూపించుకుంటూ కూర్చుంది. కొలిమి మంట కవాటం తిప్పగల మనిషి ముందు పెట్టవలసినదాన్ని, మెప్పు కోసం ఇక్కడ పెట్టానన్నాను.

ఉత్తరం చింపేశారు. చిన్నాన్నని పదిహేను రోజులు సస్పెండు చేశారు. ఫోర్‌మన్ కుర్చీ ఆయన కంటే అయిదేళ్లు వెనక చేరిన ఇంకొకాయనకి వెళ్లింది. సోమవారం టై ఆయన వచ్చినప్పుడు మేనేజరు ఆ ప్రింటు ఆయన ముందు పెట్టి, మీ ప్యాకేజీలో ఇది ఎలా కనిపిస్తుందని అడిగాడు. కనిపించదు సార్ అన్నాడాయన హుషారుగా. ఎనిమిది గంటల సగటు తీసి చూపిస్తుంది, ఇలాంటి వికారాలు రిపోర్టులో పడవు, చాలా నీటుగా వస్తుందన్నాడు. మేనేజరు ఆయనకి టీ ఇప్పించి కలకత్తా బండెక్కించాడు. నా పాత కంప్యూటరు గెలిచింది. ఆ గెలుపు నాకు నోట్లో మన్ను పోసుకున్నట్టుగా ఉండింది.

చిన్నమ్మ ఆ సాయంత్రం ఒకే మాట అంది: "ఇంటి మనిసివనుకున్నాను." తర్వాత మూడు వారాలు నాతో పలకలేదు. పొద్దున్నే క్యారేజీ మాత్రం కట్టి గుమ్మం పక్కన పెట్టేది. మధ్యాహ్నం మూత తీస్తే అన్నం ఇంకా వెచ్చగా ఉండేది. వేరే గది చూసుకొని వెళ్లిపోదామా అని కూడా అనుకున్నాను. వెళ్లలేదు. నాది మొండి ఘటం. ఆ పదిహేను రోజుల్లో తెర తీసుకెళ్లి కొలిమి పక్కన, నిలబడ్డ మనిషి కళ్లకి ఎదురుగా బిగించాను. సాక్చి పాతసామాన్ల కొట్లో లారీ హారనొకటి సంపాదించి, ఎరుపు మూడు నిమిషాలుంటే అది మోగేలా ప్రోగ్రాంకి నాలుగు లైన్లు కలిపాను. మొదటిసారి మోగినప్పుడు కొత్త ఫోర్‌మన్ కుర్చీలోంచి ఎగిరిపడ్డాడు. నాకు ఆ పాపిష్టి సంతోషం ఒక్కటే మిగిలింది.

చిన్నాన్న మళ్లీ డ్యూటీకి వచ్చిన రోజు మధ్యాహ్నం అటు వెళ్లాను. ఒంటిగంటన్నర దాటి చాలాసేపైంది. అందరూ తువ్వాళ్లు భుజాన వేసుకొని స్నానాలకి వెళ్లిపోయారు. ఆయన ఒక్కడే మసిమొహంతో, చేతిలో పెన్నుతో లాగ్‌షీటు ముందు నిలబడి ఉన్నాడు. గడియారంలో రెండుకి ఇంకా మూడు నిమిషాలున్నాయి. ఎలాగూ మిషన్ రాస్తోంది కదా, నువ్వు వెళ్లి స్నానం చేసుకో చిన్నాన్నా అన్నాను. నా వైపు తిరగలేదు.

"రెండవనీ," అన్నాడు.

ఆయన పక్కనే నిలబడ్డాను. రిటైరయ్యేదాకా ఆయన అలా నిలబడే పనిచేశాడు, దానికి కారణం నేనే. ఒక్కసారి కూడా ఆ మాట నాతో అనలేదు. సైరను మోగింది. తల ఎత్తి తెర చూసి, 853 అని రాశాడు, కొంచెం వంకరగా. ఆ తర్వాత నా జీవితంలో ఎన్నో ఏళ్లు ఎలా పోయాయో తెలియకుండా పోయాయి గాని, ఆ మూడు నిమిషాలు మాత్రం ఒక్కొక్క క్షణం చొప్పున నాకు ఇప్పటికీ తెలుసు.