మూడో ట్రే కడిగిన నీళ్ళు

జగదల్‌పూర్‌లో ఒక కాలేజీ ల్యాబులో గాజుసామాను కడిగే పని నాది. మా ఆయన కిరండూల్ ఇనుప గనిలో చేసేవాడు. ఆయన పోయాక క్వార్టర్ ఖాళీ చేసి ఇక్కడికొచ్చాను. సంతకం పెడతాను, అంకెలు గుర్తుపడతాను, అంతే నా చదువు. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది.

సీసాలు కడగడం చూసేవాళ్ళకు పనిలా కనిపించదు. సబ్బుతో తోమాలి, యాసిడ్‌లో నానబెట్టాలి, కుళాయి కింద ఆ యాసిడ్ పోగొట్టాలి, ఆఖరికి డిస్టిల్డ్ వాటర్‌తో మూడుసార్లు తొలిచి బోర్లించాలి. ఆ నీళ్ళు తీసే మిషను కింది అంతస్తులో, నా తొట్టి పై అంతస్తులో. ఒక డబ్బా మోసుకొస్తే రెండు ట్రేల సీసాలకే వచ్చేవి. మూడో ట్రే కోసం మళ్ళీ మెట్లు దిగాలి. మోకాళ్ళు పట్టేశాక దిగడం మానేశాను. మూడో ట్రేని కుళాయి నీళ్ళతోనే తొలిచి పెట్టేసేదాన్ని. మనుషులం అవే తాగుతున్నాం కదా, సీసాకేం రోగం అనుకున్నాను. ఎవరూ అడగలేదు. ఏడాది అలాగే నడిచింది.

ఆ సీసాలు వాడేది మద్దేడ్ నుంచి వచ్చి పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి. బైలాడీలా కొండల కింది ఎర్ర వాగులోంచి మూడు రకాల బాక్టీరియా తెచ్చి పెంచేది. మూడూ దగ్గరి చుట్టాలట. ఒకదాని సీసాలు ఇంకోదానితో కలవకూడదని ట్రేల మీద ఒకటి, రెండు, మూడు అని అంకెలు అంటించింది. ఆ వరసలోనే నేనూ కడిగేదాన్ని.

ఒక మధ్యాహ్నం నన్ను కిటికీ దగ్గరికి పిలిచింది. మూడు సీసాలు పెట్టి ఉన్నాయి. రెండింట్లో నీళ్ళు పసుపుపచ్చగా మెరుస్తున్నాయి. మూడోది గంజిలా తెల్లగా ఉంది.

"చూడు పెద్దమ్మా, నా బిడ్డలు."

"రెండింటికి పచ్చకామెర్లు వచ్చినట్టున్నాయి. మూడోదే నయం," అన్నాను.

పడీపడీ నవ్వింది. "కాదు పెద్దమ్మా. ఇనుము దొరకకుంటే ఆ రంగు వదుల్తయి. ఆ రంగే పోయి ఇనుమును పట్టుకొస్తది. ఇనుము దొరికినంక రంగు చేసుడు బంద్. మూడింటినీ ఇనుము లేని తిండిల పెట్టిన. రెండు వదిలినయ్, ఇది వదల్తలేదు."

"దానికి ఆ విద్య రాదేమో."

"ఎందుకు రాదు? రంగు చేసే జీన్ దానికీ ఉన్నది, ఆపే మీట గూడ ఉన్నది. అక్కచెల్లెండ్లే గదా. మీటకు తీగ ఏడ కలిసిందో గదే మారింది."

ఆ మాట నాకు వెంటనే తలకెక్కింది. కిరండూల్‌లో మా వరస క్వార్టర్లన్నీ ఒకే అచ్చు. అదే గోడకు అదే బోర్డు, అవే మీటలు. కాని వచ్చినవాళ్ళూ పోయినవాళ్ళూ తీగలు మారుస్తూ పోయారు. మా ఇంట్లో కింది మీటకు ఫ్యాను తిరిగేది, పక్కింట్లో అదే మీటకు వరండా లైటు వెలిగేది. ఇది చెబితే ఆ పిల్ల చప్పట్లు కొట్టింది.

"గంతే! నువ్వు మా గైడ్ సార్ కంటే మంచిగ చెప్పినవ్. గదే రాసిన. వచ్చే నెల పేపర్ జర్నల్‌కు పంపుదమన్నడు సార్."

"మరి ఆ సీసాల్లో ఇనుము అసలు లేదా?"

"కొంచెం గూడ లేదు. నీ కుళాయిల వచ్చే గీ బోరు నీళ్ళు అంటుకుంటే చాలు, అంతా ఖరాబ్. నీ తొట్టి చూడరాదూ, ఆ ఇనుముతోని ఎంత ఎర్రగయిందో."

నేను తొట్టి దగ్గరికి వెళ్ళిపోయాను. చెబితే పని పోతుంది. చెప్పకపోతే ఆ పిల్ల లోకానికి తప్పు చెబుతుంది. మా ఆయన ఉంటే నోరు మూసుకోమనేవాడేమో, తెలియదు. రెండు రోజులు ఆ పిల్లకు ఎదురుపడకుండా తప్పించుకు తిరిగాను. మూడో రోజు సార్ రాకముందే వెళ్ళి ఆమె బల్ల ముందు నిలబడ్డాను.

"ఏంది పెద్దమ్మా, మొకం గట్ల పెట్టినవ్?"

"మూడో ట్రే నేను కుళాయి నీళ్ళతో తొలిచానమ్మా."

"నిన్ననా?"

"ఎప్పుడూ."

ఆ పిల్ల గొంతు పైకి లేచింది. "నోరు లేదా నీకు? మెట్లు దిగలేనని ఒక్క మాట చెప్తే నేను మోయకపోదునా? ఏడాది పెద్దమ్మా, నా ఏడాది!"

అడగొచ్చని నాకు తోచలేదు. అదే చెప్పాను. ఏడుస్తూ బయటికి పోయింది.

సార్ వచ్చి, సంగతి విని, అమ్మాజీని ఇంటికి పంపేద్దాం అని హిందీలో అన్నాడు, నేను అక్కడే ఉన్నానని కూడా చూడలేదు. "ముందు మళ్ళీ చేసి చూద్దాం సార్," అంది ఆ పిల్ల. నన్ను వెనకేసుకొచ్చిందో, సీసాలు కడిగేవాళ్ళు దొరకరనో, నాకిప్పటికీ తెలియదు.

డబ్బాలు తనే మోసుకొచ్చి, నా పక్కన నిలబడి మూడు ట్రేలూ కడిగించింది. కొన్నాళ్ళకు మూడు సీసాలూ పసుపుపచ్చగా మెరిశాయి. మూడో సీసాను కిటికీ వెలుగుకు ఎత్తి చూసి, "మూడూ వదిలినయ్," అంది. ఆ పేపర్ పంపలేదు.

ఇప్పుడు తనే కొలిచి కొలిచి, మూడింటికీ కొద్దికొద్దిగా ఇనుము వేసి చూస్తోంది. మిగతా రెండింటికంటే మూడోది తక్కువ ఇనుముకే రంగు ఆపేస్తున్నట్టుందట. దాని తీగ నిజంగానే వేరేమో, కాని నమ్మబుద్ధి కావడం లేదంటుంది. సార్‌కి ఇంకా చెప్పలేదు. మళ్ళీ చేస్తుంది, మళ్ళీ సీసాలు నా దగ్గరికొస్తాయి. ట్రే తీసుకునేటప్పుడల్లా అడుగుతుంది.

"ఏ నీళ్ళు?"

"డబ్బా నీళ్ళే."

"మూడోది?"

"అదీ డబ్బా నీళ్ళే తల్లీ."

అయినా డబ్బా పైకెత్తి ఎంత మిగిలిందో చూసుకుంటుంది. రోజూ ఇదే. చెప్పి చెప్పి విసుగొస్తోంది, అయినా అడిగినప్పుడల్లా చెబుతున్నాను.