రోజీ పాటలో కుమారమ్మ చప్పట్లు

కుమారమ్మకు తాళం అంటే రామభజన తాళమే. మెల్లగా మొదలెట్టి, చివరికొచ్చేసరికి ఊపందుకోవాలి. లేకపోతే రాముడికి నిద్దరొస్తుందని వాళ్ళ నాయనమ్మ నమ్మకం. ఆ చేతులతోనే ఆమె పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిలో, సింగపూర్లో, ‘స్లో డౌన్, రోజీ’ అనే ఇంగ్లీషు పాటకు చప్పట్లు కొట్టింది.

చప్పట్లు కొట్టడానికని వెళ్ళలేదు. కాబోయే మొగుడు సూరిబాబు డ్రమ్స్ వాయించే బ్యాండుకు తాను కుట్టిన కోట్లు ఇవ్వడానికి స్టూడియోకు వెళ్ళింది. పాట రెండో సగంలో చప్పట్లకు మనిషి తక్కువైందని మైకు ముందు నిలబెట్టారు. నిలబెట్టగానే పిల్ల భజనలోకి వెళ్ళిపోయింది. ఆమె వెనక సూరిబాబు పరుగు, అతని వెనక గిటారు పరుగు, నెమ్మదిగా నడవమని రోజీని బతిమాలే గాయకుడు ఆయాసపడుతూ అందరి వెనకా! మళ్ళీ పాడించడానికి వ్యవధి లేక అలాగే రికార్డు వేసేశారు. ఆ ఆయాసానికే జనం వెర్రెత్తిపోయారు. ఆ ఏడాది సింగపూర్లో ఏ డాన్సు హాలుకు వెళ్ళినా అదే పాట.

"ఆ చివరి ఊపు ఎవరిది?" అని అడిగినవాళ్ళందరికీ సూరిబాబు మీసం మెలేసి, "మనదే" అన్నాడు. పెళ్ళయ్యాకా అదే మాట. రికార్డు అట్ట మీద బ్యాండు వాళ్ళందరి పేర్లూ ఉన్నాయి, ఆమెది లేదు. కుమారమ్మ ముప్ఫై ఏళ్ళూ నవ్వి ఊరుకుంది కానీ, లోపల మండేది.

రెండు వేల సంవత్సరంలో, కూతురు కీర్తిక పనిచేసే రాఫెల్స్ ప్లేస్‌లోని డాట్‌కామ్ కంపెనీ పాత సింగపూరు పాటలను ఇంటర్నెట్‌లో పెడుతూ దీన్నీ తీసుకుంది. భీమవరం నుంచి వచ్చిన ఆ కంపెనీ ఇంజనీరు బాబ్జీ చోవా చూ కాంగ్‌లో వాళ్ళ ఫ్లాటుకొచ్చి, తాను సరిచేసిన పాటను లాప్‌టాప్‌లో వినిపించాడు. పాట మొదట ఎలా నడిచిందో చివరిదాకా అలాగే బుద్ధిగా నడిచింది. చప్పట్లు లేవు.

కుమారమ్మ చివరిదాకా చెవి పెట్టి వెతికింది. పేరు ఎలాగూ లేదు, ఉన్న చేతులూ పోయాయి.

"లాస్ట్‌లో స్పీడ్ తప్పిందండీ అంకుల్. ఆ చప్పట్లదే మిస్టేక్. అందుకే ఆ ముక్క కోసేసి, ముందు ముక్కే మళ్ళీ అతికించాను," అన్నాడు బాబ్జీ గర్వంగా. "ఇంతకీ ఆ తప్పు ఎవరు చేశారండీ?"

తిలాపాపం తలా పిడికెడు అంటారు. సూరిబాబు తన పిడికెడు కూడా ఉంచుకోలేదు.

"నేను కాదయ్యా! ఇదిగో, మీ ఆంటీ! భజన అనుకుని బాదేసింది. నేను ఆపుదామనే చూశాను!"

కీర్తిక నోరు తెరిచింది. "వాట్? డాడీ, యూ ఆల్వేస్ సే ఇట్స్ యూ, లా!" అంది సింగపూరు యాసలో.

సూరిబాబు నాలిక కరుచుకున్నాడు. కుమారమ్మకు కోపం రావాలి, రాలేదు. పెళ్ళినాటి సంతోషం కూడా దీని ముందు దిగదుడుపే అనిపించింది. కళ్ళు తుడుచుకుని, కుర్చీ లాక్కుని బాబ్జీ పక్కన కూర్చుంది.

"విన్నావు కదా బాబూ? ఆ తప్పు అచ్చంగా నాదేనట, ఆయనకు వాటా కూడా లేదు. మరి నాది నన్నడక్కుండా నువ్వెలా కోస్తావు? ఆ ముక్క తిరిగి పెట్టెయ్యి. నా పేరు రాసి మరీ పెట్టు."