ముక్కు చెప్పిన రుచి

హాలిఫాక్స్ ఫుట్‌బాల్ జట్టు పరాయి ఊళ్ళో ఆడే ప్రతి శనివారం దాని వెంట వెళ్ళేవాళ్ళు ముగ్గురు: బడి కాపలా ఉద్యోగం నుంచి రిటైరైన క్లిఫర్డ్, బస్సు డ్రైవరు రాయ్, రాయ్ భార్య మారీన్. జట్టు గెలుస్తుందన్న భ్రమ ముగ్గురిలో ఒక్కరికీ లేదు. వాళ్ళు వెళ్ళేది బీరు కోసం. అదీ అలాంటిలాంటి బీరు కాదు, పీపాలోనే పులిసి, చేత్తో పంపు లాగి పోసే బీరు. గ్యాస్ కొట్టిన చల్లటి బీరు తాగేవాణ్ణి చూస్తే క్లిఫర్డ్‌కి ఒళ్ళు మండేది. దానికంటే కుళాయి నీళ్ళు నయం అనేవాడు.

ఆట ఏ ఊళ్ళో ఉన్నా మంగళవారంనాడే అక్కడి పబ్బులన్నిటికీ ఫోన్లు చేసేవాడు. పీపా ఎప్పుడు తెరిచారు, పరాయి జట్టు అభిమానుల్ని రానిస్తారా అని ఆరా తీసేవాడు. తీరా పబ్బులో కూర్చున్నాక ముందు అతను వాసన పీల్చి, ఒక గుక్క నోట్లో తిప్పి, తీర్పు చెప్పాలి. అప్పటిదాకా మిగతా ఇద్దరూ గ్లాసు ముట్టుకోరు. "ఎండుగడ్డి, కాస్త నారింజ తొక్క, చివర్న మాడిన రొట్టె" అనేవాడు. వాళ్ళు తాగి, "నిజమే సుమా" అని తలలూపేవారు. ముప్పై ఏళ్ళుగా ఇదే తంతు. అందుకే అతనికి ముక్కు అని పేరు పడిపోయింది. అసలు పేరు పెట్టి పిలిచేది డాక్టరొక్కడే.

రెండు చలికాలాల కిందట ఒక జ్వరం వచ్చి ఆ ముక్కునీ, దాంతోపాటు నాలుక రుచినీ తీసుకుపోయింది. ఇక ఆశ పెట్టుకోవద్దని డాక్టరు చెప్పేశాడు. ఉల్లిపాయ కొరికినా ఆపిల్ కొరికినా ఒకటే. పొయ్యి మీద కూర మాడి పొగ కళ్ళకి తగిలేదాకా తెలియదు. ఈ సంగతి బయటపెడితే ఏం మిగులుతుంది? పెళ్ళాం లేదు, పిల్లలు లేరు, ఉన్నవల్లా ఆ శనివారాలే. వాసన తెలియని ముక్కుని ఎవరు వెంటేసుకు తిరుగుతారు? తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాడు. గ్లాసు వెలుతురుకి ఎత్తి బీరు తేరిందో లేదో చూసేవాడు, పాత మాటలే అటూ ఇటూ తిప్పి చెప్పేవాడు. లోపల మాత్రం ప్రతి శనివారం చచ్చి బతికేవాడు.

ఆ శనివారం ఆట గ్రిమ్స్‌బీలో. మొదటి రెండు పబ్బుల తలుపులకీ "ఈ ఊరి జట్టు అభిమానులకే" అన్న కాగితాలు అంటించి ఉన్నాయి. మెడలో జట్టు రంగుల మఫ్లర్లు తీసి కోటు జేబుల్లో కుక్కుకుని మూడోదానిలో దూరారు.

"ఒసేయ్, నువ్వు నోరు మెదపకు. మన యాస వింటే తన్ని తరిమేస్తారు" అన్నాడు రాయ్.

"నీ మొహం చూస్తేనే తరుముతారు, నా యాస దాకా దేనికి!" అంది మారీన్.

మూడు గ్లాసులొచ్చాయి. క్లిఫర్డ్ ఎత్తి చూశాడు. బీరు తేటగా ఉంది. ఒక గుక్క తాగి, "తేనె, ఎండుద్రాక్ష. దివ్యంగా ఉందర్రా" అన్నాడు. మారీన్ తాగి కళ్ళు గట్టిగా మూసుకుంది. రాయ్ రెండుసార్లు గుటక వేసి, "అవున్రా, బాగుంది" అన్నాడు.

ఇంతలో ఆ ఊరి ముసలాయన ఒకడు అదే బీరు పోయించుకుని, ఒక్క గుక్క తాగి మళ్ళీ గ్లాసులోకే ఉమ్మేశాడు. "ఏంటయ్యా ఇది, పచ్చి వెనిగర్! ఇంటికి పట్టుకెళ్ళి చేప మీద పోసుకోనా?" పబ్బువాడు వాసన చూసి, క్షమించమని అడిగి, ఆ బీరు ఇక లేదన్న గుర్తుగా పంపు మీద పేరున్న పలకని వెనక్కి తిప్పేశాడు.

క్లిఫర్డ్ ఇటు తిరిగాడు. రాయ్, మారీన్‌ల గ్లాసులు అడుగంటా ఖాళీ.

"ఎప్పట్నించి తెలుసు?" అన్నాడు.

మారీనే చెప్పింది. "పోయినేడు లింకన్లో ఆటకెళ్ళినప్పుడు. ఆ బీరు తడిగుడ్డ కంపు కొట్టింది. నువ్వేమో పూల వాసన అన్నావు."

"అయినా తాగారా?"

"నువ్వు బాగుందన్నావు కదా."

సిగ్గుతో అతని ప్రాణం చచ్చిపోయింది. "నా మీద జాలిపడి ఏడాదిగా కుడితి తాగుతున్నారట్రా!"

"జాలీ లేదు, పాడూ లేదు! నువ్వు మానేస్తే మేం ఎక్కడికి పోతాంరా?" అని రాయ్ కసిరాడు. లేచి వెళ్ళి, ఇంకో పంపు నుంచి మూడు గ్లాసులు పోయించి తెచ్చాడు.

క్లిఫర్డ్‌కి ఒక ఆశ పుట్టింది. తన నాలుక పోతే పోయింది, ముప్పై ఏళ్ళు తనతో తాగిన నాలుకలు రెండున్నాయి కదా. "ఈసారి మీరు చెప్పండి. ఎలా ఉందో ఉన్నదున్నట్టు చెప్పండి" అని కళ్ళు మూసుకున్నాడు.

రాయ్ తాగాడు. ఆలోచించాడు. మళ్ళీ తాగాడు. "బాగుంది" అన్నాడు.

"బాగుందంటే?"

"అంటే... బీరులా ఉంది."

"చేదుగా ఉంది. కాదు, కాస్త తియ్యగా... ఏమో ముక్కూ. ఎప్పుడూ నువ్వు చెప్తేనే కదా మాకు తెలిసేది" అంది మారీన్.

క్లిఫర్డ్ కళ్ళు తెరిచాడు. ఆ బల్ల దగ్గర ఆ రుచి తెలిసినవాళ్ళు ఇక ఒక్కరూ లేరు. ఇద్దరూ గ్లాసులు పట్టుకుని, తాగకుండా, అతని మొహంలోకే చూస్తున్నారు. అతను నోట్లో ఏమీ తెలియని ఆ తడిని మింగాడు.

"ఎండుగడ్డి. కాస్త నారింజ తొక్క. చివర్న మాడిన రొట్టె" అన్నాడు.

రాయ్ తాగి, తలూపాడు. "నిజమే సుమా."