వాన కడగాల్సిన బండ

మొన్న మా మనవరాలి పుట్టినరోజున కోడలు పాయసం కాచింది. గిన్నె దించుతుంటే చెయ్యి జారి సగానికి సగం పొయ్యి పక్కన నల్ల రాతి గట్టు మీద ఒలికిపోయింది. నెయ్యి మెరుస్తూ, బెల్లం వాసన కొడుతూ అది ఆ రాయి మీద మెల్లగా పాకుతుంటే నాకేమైందో తెలియదు. రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకొని, నడుము వంచి, మూతి దాని దాకా తీసుకుపోయాను. ఎనభై దాటినదాన్ని. "అత్తమ్మా, ఏం చేస్తున్నరు?" అని కోడలు పెట్టిన కేకకు మనవరాలు హాల్లోంచి పరుగెత్తుకొచ్చింది. నడుము పట్టేసిందేమోనని ఒకతి, మతి తప్పిందేమోనని ఒకతి నన్ను ఎగాదిగా చూస్తున్నారు. వాళ్లకు ఏం చెప్పను? నేను అప్పటికే అరవై ఏళ్ల వెనక, మా అత్తగారి ఊరి గుట్ట మీద ఉన్నాను.

ఆ ఊరు చిట్యాలకూ రామన్నపేటకూ నడుమ ఉంటుంది. చుట్టుపక్కల ఊళ్ల గుట్టలకు నరసింహస్వామో మల్లన్నో ఎవరో ఒక దేవుడుండేవాడు, ఏడాదికొక జాతర జరిగేది. మా గుట్టకు దేవుడు లేడు, పేరు కూడా లేదు. గుట్ట అంటే అదే. గుండు మీద గుండు ఎక్కి కూర్చున్న బండలు, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు, బలుసు పొదలు, ఎండకు పండిపోయిన గడ్డి. కొన మీద ఊరంతా కూర్చోగలిగిన చదును బండ ఒకటి, దాని పక్కన వాననీళ్లు నిలిచే దొన. ఊళ్లో దేనికైనా గుట్టే దిక్కు. మేక తప్పిపోతే గుట్ట మీద వెతకాలి, మొగుడూ పెళ్లాం పోట్లాడుకుంటే ఇద్దరిలో ఒకరు అలిగి గుట్టెక్కాలి. పొద్దు గూకేలోగా ఆకలేసి వాళ్లే దిగేవారనుకోండి. పైనుంచి చూస్తే ఎటు చూసినా వాన మీదే పండే ఎర్రటి చెలకలు, వాటి నడుమ సన్నటి బండ్ల బాట. నేను పానగల్లు చెరువు కింద పుట్టి పెరిగినదాన్ని. మా పుట్టింట్లో తూము తెరిస్తే నీళ్లు వచ్చేవి. ఇక్కడ నీళ్లు కావాలంటే మెడలు నొచ్చేదాకా పైకి చూడాలి.

ఇక మా అత్త సంగతి. ఆమె చేతులు ఊరికే ఉండవని ఊరంతా చెప్పుకునేది. మాట్లాడుతూ మాట్లాడుతూనే ఎదుటి మనిషి కొంగుకు వేలాడే దారప్పోగు లాగేసేది. మా వాకిలి ఊడ్చి, చల్లి, ముగ్గేసి, ఇంకా పొద్దు మిగిలితే పక్కింటి వాకిలి కూడా ఊడ్చేది. దాన్ని మెహర్బానీ అనుకోవాలో ఎత్తిపొడుపు అనుకోవాలో తేల్చుకోలేక ఆ ఇల్లాలు చచ్చేది. చావింటికి పలకరింపుకు పోయి, ఏడుస్తూ ఏడుస్తూనే వాళ్ల గొంగళ్లన్నీ దులిపి మడతపెట్టి వచ్చిందని మా చిన్నత్త చెప్పి నవ్వేది. చిన్నత్త అంటే అత్తకు తోడికోడలు, గోడవతల ఇల్లే. నిద్రలో కూడా అత్త వేళ్లు జొన్నల్లో రాళ్లు ఏరుతున్నట్టు కదులుతుండేవి. కొత్త కోడలికి ఇంతకంటే శిక్ష ఏముంటుంది? నేను తోమిన చెంబును మళ్లీ తోమేది, నేను అలికిన పొయ్యిని మళ్లీ అలికేది. లోపల నాకు ఒళ్లు మండేది, నోరు విప్పే ధైర్యం లేదు. పెళ్లయి ఏడాది దాటినా ఆమె నాతో కూర్చుని రెండు మాటలు మాట్లాడింది లేదు. అసలు ఆమె కూర్చుంటే కదా.

ఆ ఏడు మృగశిర కార్తె గాలి దుమారంతోనే వెళ్లిపోయింది. ఆరుద్ర వచ్చింది. ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదని చెప్పిన పెద్దలు, కురవకపోతే ఏం చేయాలో మాత్రం చెప్పిపోలేదు. పొద్దున్నే మబ్బులు వచ్చి గుట్ట మీద కూర్చునేవి, మధ్యాహ్నానికి లేచి వాటి దారిన అవి పోయేవి. దుక్కులు దున్ని ఉన్నాయి, విత్తనపు ఆముదాలు కుండల్లో ఉన్నాయి, చేతికి పని లేదు. ఊళ్లో ఏ మగవాడికీ కాలు ఒకచోట నిలవదు. కాలుగాలిన పిల్లిలా ఇంట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి చెలకకు, చెలకలోంచి మళ్లీ ఇంటికి. మా మామ పొద్దున ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి గుట్టెక్కి మొగులు పట్టిందేమో, మబ్బేమైనా కమ్ముతోందేమో చూసి వచ్చేవాడు. వచ్చి ఎద్దుల కొట్టం ముందు నిలబడేవాడు. అసలు బెంగ అక్కడుంది. గడ్డివాము అడుగంటింది. కర్రెద్దు, తెల్లెద్దు రెండూ మా ఇంట్లో పుట్టినవే, దూడలప్పుడు అత్త అరచేతిలో తవుడు నాకినవే. ఇప్పుడు వాటి డొక్కలు లోపలికి పోయి ఎముకలు బయటికొచ్చాయి. "వచ్చే అంగడికి చిట్యాల తోల్కపోత" అన్నాడు మామ, పశువుల సంతలో అమ్మేయడానికి. ఎద్దులు పోతే చెలక బీడు పడుతుంది. మామా, మా ఆయనా సాగర్ కట్ట పనికి కూలికి పోవాలి, ఇంట్లో మేమిద్దరం ఆడవాళ్లం మిగలాలి. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. అత్త మాత్రం, "జర ఆగు. ముందుగాల గుట్ట మీద వరద పాశం చేద్దాం. గప్పటికి వాన రాకుంటె నీ ఇష్టం" అంది.

వరద పాశం నేను అదే చూడటం. ఇంటింటికీ తిరిగి బియ్యం, బెల్లం అడిగి తెస్తారు. గుట్ట మీద పాయసం వండి దాన్ని చదును బండ మీద పోస్తారు. విస్తరి లేదు, గిన్నె లేదు. పెద్దా చిన్నా అందరూ చేతులు వెనక్కి పెట్టుకొని, వంగి, మూతితోనే తినాలి. మనుషులు గొడ్ల మాదిరి తినే గతి పట్టిందే అని వానకు జాలి పుడుతుందట. బండ మీది తీపికి ఆశపడి దిగుతుందని ఇంకొందరు చెప్పేవారు. తిన్నాక వెనక్కి చూడకుండా దిగిపోవాలి. బండకు అంటిన జిగటను మనిషి ముట్టకూడదు, వానే వచ్చి కడగాలి. ఈ ఆఖరి ముక్క నాకెవరూ చెప్పలేదు, తెలియని మనిషి కూడా ఉంటుందని ఎవరికీ తోచలేదు. ఆ రోజు గుట్ట మీద నవ్వినంతగా నేను ఆ ఊళ్లో మళ్లీ ఎప్పుడూ నవ్వలేదు. ఊరి పెద్దరైతు ఒకాయన ఉండేవాడు, ఆయన వాకిట్లో కూర్చుంటే జనం చెప్పులు చేతపట్టుకొని ముందునుంచి నడిచేవారు. ఆయన మీసాలకు అన్నం మెతుకులు, ముక్కు కొనకు బెల్లం పాకం, చేతులు వెనక్కి ఉండటంతో తుడుచుకునే వీలు లేదు. ఆయనే ముందు నవ్వాడు, తర్వాత మేమందరం.

అందరూ దిగిపోయారు. గుండిగ, కడవలు సర్దడానికి అత్తా నేనూ వెనకబడ్డాం. నేను మిగిలిన కట్టెలు మోపు కడుతుంటే వెనక గరగరమని చప్పుడు. అత్త మోకాళ్ల మీద కూర్చుని, గడ్డి చుట్టగా చుట్టి, కడవలో మిగిలిన నీళ్లు పోసి బండను రుద్దుతోంది. నాకేం వింత అనిపించలేదు, ఆమె రుద్దకుండా వదిలిన వస్తువు ఏదైనా ఉంటే కదా. మరిచిపోయిన గంటె కోసం మళ్లీ పైకొచ్చిన చిన్నత్త అది చూసి నెత్తి కొట్టుకుంది. "ఓ అక్కా! ఏం జేస్తున్నవే? ఆ బండ వాన కడగాలె గద!"

అత్త చేతిలో గడ్డి చుట్ట అట్లాగే ఆగిపోయింది. బండ మీద ఒక్క మెతుకు లేదు. "నా చేతులు పడిపోను" అంది, ఎవరితోనో చెప్పినట్టు.

ఊళ్లో కొందరు నవ్వారు, వంతు బియ్యం పోసినవాళ్లు తిట్టారు. వానకు చాడీ చెప్పడానికి పోయినట్టు మబ్బులు కూడా గుట్ట మీదికి రావడం మానేశాయి. మామ తిట్టలేదు, నవ్వలేదు. "వాన జేసే పని గూడ నువ్వే జేస్తివి. ఇగ అదెందుకొస్తదే?" అన్నాడు. ఆ మాటకు అత్త నాలుగు తన్నులు తిన్నంత బాధపడింది. అంగడి నాటిదాకా ఆమె చేతులకు పని ఇంకా ఎక్కువయింది. ఉతికిన గుడ్డే ఉతికింది, ఊడ్చిన కొట్టమే ఊడ్చింది.

అంగడి నాడు తొలికోడి కూయగానే మామ ఎద్దులను విప్పాడు. అత్త వాటి నుదుట బొట్టు పెట్టి, కుండ అడుగున ఉన్న గుప్పెడు జొన్నలు తినిపించి, అవి బాట మలుపు తిరిగేదాకా చూసి లోపలికొచ్చింది. జొన్న రవ్వలో, ఇంట్లో మిగిలిన కాస్త బెల్లం వేసి చిన్న కుండలో పాశం వండింది. వానకు జొన్న పాశం పోస్తారా అని అడగబోయాను. నా మొహం చూసే కనిపెట్టింది. "వానకు బియ్యమే కావాల్నా? మనం తినేదే అది గూడ తింటది. నడువ్ పిల్లా" అంది.

గుట్టెక్కేసరికి ఎండ నెత్తికెక్కింది. అదే బండ మీద పాశం పోశాం. చేతులు వెనక్కి పెట్టుకొని ఇద్దరమే తిన్నాం, ఈసారి నవ్వు రాలేదు. తిన్నాక దిగిపోవాలి కదా, అత్త దిగలేదు. ఇంట్లో ఖాళీ కొట్టం చూడలేనంది. బండ పక్కన కూర్చుంది. చీమలు బారులు కట్టి రావడం, ఆమె చెయ్యి దానంతటది అటు పోవడం చూశాను. చప్పున నా వైపు తిరిగి రెండు చేతులూ నా ఒళ్లో పెట్టింది. "నా చేతులు పట్టుకో పిల్లా. గట్టిగ పట్టుకో. నేను గుంజుకున్నా ఇడువకు."

పట్టుకున్నాను. ఆమెను తాకడం నాకదే మొదలు. వేళ్ల కణుపులు గట్టిగా, అరచేయి జొన్న చొప్పలా గరుకుగా ఉంది. కాసేపు ఆ చేతులు నా చేతుల్లో పిట్టల్లా కొట్టుకున్నాయి. తర్వాత సద్దుమణిగాయి. అప్పుడు మాట్లాడింది. "నేను కాపురానికొచ్చిన కొత్తల గూడ గిట్లనే ఎద్దులు అమ్మిండ్రు. మా మామ, అంటె మీ మామ నాయిన, కూలికని దేశం పోయిండు. గీ గుట్ట మీదనే నిలవడి సాగనంపినం. మల్ల రాలె. ఎద్దులు లేని మొగోనికి ఊరు యాదికుండదు పిల్లా."

నేను బాట వైపు చూశాను. మా ఆయన నవ్వు మొహం గుర్తొచ్చి అత్త చేతులు ఇంకా గట్టిగా పట్టుకున్నాను. "చేతులు ఊకె ఉంటె మనసు గా బాటెంబడి పోతది. అందుకే వాటికి పని చెప్త" అంది అత్త. నా చెంబు మళ్లీ మళ్లీ ఎందుకు తోమిందో అప్పుడర్థమైంది. ఏడాదిగా మోసిన కోపం ఆ బండ మీదే దించేశాను. గాలి నిలిచిపోయింది. రామన్నపేట దిక్కున మొగులు నల్లబడింది. మేము నమ్మలేదు, అట్లా ఎన్నిసార్లు మోసపోలేదని. మొదటి చినుకు జొన్న పాశం మీద పడింది, రెండోది అత్త చెంప మీద. ఆపైన చినుకులు వేరువేరుగా కనపడలేదు. బండ మీది పాశం చీమలతో సహా కొట్టుకుపోయి దొనలో కలిసింది. వాన తన పని తాను చేసుకుపోతుంటే అత్త నా చేతులు పట్టుకొని బావురుమంది. "వానొచ్చె పిల్లా. ఎద్దులు పాయె." నేను కూడా ఏడ్చాను. ఇంత వానలో ఎవరు చూడవచ్చారు?

దిగేసరికి బాటలన్నీ వాగులయ్యాయి. దీపాలు పెట్టే వేళకు వాకిట్లో మువ్వల చప్పుడు. నిలువునా తడిసి మామ, ఆయన వెనక తలలు వంచుకొని కర్రెద్దు, తెల్లెద్దు. "అంగట్ల అందరు అమ్మెటోళ్లే. కొనెటోడు ఒక్కడు లేడు. పొద్దంత నిలవడి కాళ్లు గుంజినయ్" అన్నాడు చిరాగ్గా, అది పెద్ద అవమానమన్నట్టు. చిన్నత్త గోడ మీంచి పడీపడీ నవ్వింది. అత్త పొడిగుడ్డ తెచ్చి ఎద్దులను కొమ్ముల నుంచి గిట్టల దాకా తుడిచింది, తుడిచినచోటే మళ్లీ తుడిచింది. ఆ రాత్రికి ఎవరూ ఆమెను ఆపలేదు. ఆ ఏడు ఆముదాలు అంతంత మాత్రంగానే పండాయి. కానీ మా ఇంటి మగవాళ్లు ఊరు విడవలేదు.

అత్త పోయి చాలా ఏళ్లయింది. గుట్టను కూడా కంకర కోసం సగం కోసేశారని విన్నాను. మా వంటింటి నల్ల రాయి ఏ ఊరి గుట్టదో. దాని మీది పాయసం తుడవడానికి కోడలు గుడ్డ తడిపి తెచ్చింది. "జర ఆగు బిడ్డా" అని ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆఫీసు, వంట, పిల్ల చదువు అంటూ పొద్దంతా పరుగెత్తే చెయ్యి, అది కూడా నా చేతిలో కాసేపు కొట్టుకొని సద్దుమణిగింది. ఎందుకని అడగలేదు, మంచి పిల్ల. నేను తోమిన చెంబులు, ఏరిన రాళ్లు, చేతినిండా పనితో గడిచిన ఆ ఏళ్లన్నీ ఎటు పోయాయో ఎంత తలచుకున్నా గుర్తు రావు. ఏ పనీ చేయకుండా ఒకరి చేతులు పట్టుకొని బండ మీద కూర్చున్న ఆ ఒక్క మధ్యాహ్నం మాత్రం ఇంకా తడి ఆరలేదు.